క్లాసులో పదకొండు నిమిషాలు

నేను హెడ్‌మిస్ట్రెస్ అయిన రోజు నా చేతికి వచ్చింది ఒక తాళంచెవుల గుత్తి. మొత్తం ఇరవై ఏడు. అందులో ఆరు ఏ తాళానికీ పట్టవు. "అవేటివో మాకూ తెలీదమ్మా, పాత అయ్యగారి టైమ్ నుంచీ ఉన్నాయి, ఉంచీండి" అన్నాడు క్లర్కు. కొత్త ఉద్యోగం గురించి నాకెవరైనా ఏమైనా చెప్పారంటే అదొక్కటే.

అంతకుముందు పంతొమ్మిదేళ్ళు అదే బడిలో లెక్కలు చెప్పాను. మాది పర్లాకిమిడి దగ్గర క్రైస్తవ సంఘం నడిపే చిన్న బడి. ఎనిమిదో తరగతి దాకా ఉంది, పేరుకి ఇంగ్లీషు మీడియం. మహేంద్రతనయ ఏరు దాటితే పాతపట్నం, అది ఆంధ్ర. ఇవతల మేము, గజపతి జిల్లా, ఒడిశా. ఇళ్ళల్లో తెలుగు, ఆఫీసుల్లో ఒడియా, కొండల మీద నుంచి వచ్చే పిల్లల నోట సవర. పాత హెడ్మాస్టరుగారు రిటైర్ అయ్యాక ఒక ఆదివారం ఆరాధన అయిపోయిన తర్వాత కమిటీవాళ్ళు మందిరంలోనే బెంచీల మీద కూర్చుని నా పేరు ఖాయం చేశారు. నాలో నాయకురాలు కనబడి కాదు. ఒడియాలో ఫారాలు నింపడం నాకొచ్చు కాబట్టి.

ఏడాదిన్నర అలాగే లాగించాను. 2024 దసరా సెలవుల ముందు ఒక ఉత్తరం వచ్చింది. క్రైస్తవ బడుల హెడ్‌లకి నాయకత్వ శిక్షణ, మూడు దఫాలు, దఫాకి అయిదు రోజులు. నవంబరులో ఒకటి, ఫిబ్రవరిలో ఒకటి, మేలో ఒకటి. మధ్యలో ఇంటికిచ్చే పని కూడా ఉంటుందట. కమిటీ ముందు పెడితే, "ఉన్న పని వదిలేసి ట్రైనింగేటమ్మా, పంతొమ్మిదేళ్ళ సర్వీసు ఉంది కదా మీకు" అన్నారు. 2020 జాతీయ విద్యావిధానంలో టీచర్లకే కాదు, ప్రిన్సిపాళ్ళకి కూడా ఏడాదికి 50 గంటల శిక్షణ ఉండాలని రాశారని చదివి వినిపించాను. ట్రెజరర్‌గారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "ఆ 50 గంటలకీ డబ్బు ఎవరిస్తారో కూడా రాశారా?" అన్నారు. రాయలేదు. సగం సంఘం, సగం నేను అని తేలింది.

పర్లాకిమిడి నుంచి బస్సులో పలాస, అక్కడ రైలెక్కి బరంపురం, అక్కణ్ణుంచి ఆటోలో గోపాల్‌పూర్ వైపు సముద్రం ఒడ్డున ఒక రిట్రీట్ సెంటర్. ముప్ఫై రెండు మందిమి. మా బాప్టిస్టులు, జయపురం వైపు నుంచి లూథరన్లు, కాన్వెంటు సిస్టర్లు, ఏ సంఘానికీ చెందకుండా సొంతంగా బడి పెట్టుకున్నవాళ్ళు ఇద్దరు. కోరాపుట్, జయపురం ప్రాంతానికి 1882లో జర్మనీ నుంచి మిషనరీలు వచ్చారు, మా సవర కొండల్లో కెనడా బాప్టిస్టులు పనిచేశారు. ఆ తేడాలన్నీ ఇప్పటికీ భద్రంగా ఉన్నాయని మొదటి సాయంత్రమే అర్థమైంది. ప్రార్థన కళ్ళు మూసుకుని ఎవరి మాటల్లో వాళ్ళు చేయడమా, పుస్తకం చూసి చదవడమా అన్న దగ్గరే పది నిమిషాలు పోయింది. భోజనాల దగ్గర మాత్రం ఏ తేడా లేదు. అందరం డాల్మా, అంటే కూరగాయలేసిన ఒడియా పప్పు, పోయించుకుని, తెలుగువాళ్ళం ఊరగాయ సీసా కోసం వెతుక్కున్నాం. పాఠం ఇంగ్లీషులో, ప్రశ్నలు ఒడియాలో, గుసగుసలు తెలుగులో.

మొదటి రోజు గురించి పెద్దగా చెప్పను. విజన్, మిషన్ అని చార్టుల మీద స్కెచ్ పెన్నులతో రాయించారు. ముప్ఫై రెండు బడులకీ ఇంచుమించు ఒకే విజన్ వచ్చింది. నా చార్టు ఇప్పటికీ బీరువా వెనక చుట్టి ఉంది.

రెండో రోజు పొద్దున మాకు క్లాసు తీసుకున్నావిడ కోరాపుట్ వైపు ప్రిన్సిపాల్‌గా చేసి రిటైర్ అయిన మనిషి. సన్నటి గొంతు, మైకు వద్దనేసింది. బైబిల్లో నిర్గమకాండం 18వ అధ్యాయం తీయమంది. మోషే పొద్దుట్నుంచి సాయంత్రం దాకా కూర్చుని జనం తగవులన్నీ ఒక్కడే తీరుస్తుంటే, చూడ్డానికి వచ్చిన మామ యిత్రో, ఇలాగైతే నువ్వూ నలిగిపోతావు, నీ జనమూ నలిగిపోతారని చెప్పి, వెయ్యిమందికొకణ్ణి, వందమందికొకణ్ణి, యాభైకి, పదికి ఒక్కొక్కణ్ణి పెట్టుకోమంటాడు. సండే స్కూల్లో విన్న కథే. ఎవరైనా వాక్యం, అంటే ప్రసంగం, చెప్తారేమోనని నోట్సు తెరిచాం. ఆవిడ వాక్యం చెప్పలేదు. తలా ఒక గళ్ళ కాగితం పంచింది. "ఇంటికెళ్ళాక అయిదు రోజులపాటు పావుగంటకోసారి మీరేం చేస్తున్నారో ఒక్క మాట రాయండి. అబద్ధం రాయొద్దు, అందంగా రాయొద్దు" అంది.

రాశాను. ఆ మంగళవారం కాగితం ఇప్పటికీ నా డైరీలోనే ఉంది. 8.45, వ్యాను రాలేదు, డ్రైవరుకి ఫోన్. 9.00, మళ్ళీ ఫోన్. 9.15, అసెంబ్లీ. 9.30, సుద్దముక్కల కోసం బీరువా తాళం తీశాను. 9.45, టి.సి. కోసం ఒకావిడ. 10.00, బడి వివరాలు ఎక్కించే ప్రభుత్వ సైటు, యూడైస్, తెరుచుకోవట్లేదు. 10.15, ఇంకా తెరుచుకోవట్లేదు. 10.30, డస్టరు కోసం బీరువా. 10.45, మోటారు పాడైంది, మెకానిక్కి కబురు. 11.00, అటెండెన్సు రిజిస్టరు కోసం బీరువా. అలా సాయంత్రం నాలుగుంపావు దాకా. బీరువా ఆ రోజు ఏడుసార్లు తీశాను. ఎందుకంటే చెవి నా నడుముకే వేలాడుతోంది కదా.

రాత్రి ఆయన టీవీ చూస్తుంటే నేను పక్కన కూర్చుని కూడికలు వేశాను. లెక్కల టీచర్ని, పద్దులు వేయకుండా ఉండలేను. ఫోన్లకి గంటా ఇరవై నిమిషాలు. కంప్యూటరు ముందు దాదాపు రెండు గంటలు. క్లాసుగదుల్లో పదకొండు నిమిషాలు. ఆ పదకొండు నిమిషాలూ ఏ క్లాసులో ఏం చేశానా అని చూసుకుంటే, ఆరో తరగతిలోకి వెళ్ళి ఫీజు బాకీ ఉన్న ఇద్దరు పిల్లల్ని బయటికి పిలిచాను.

దాని గురించి ఇంట్లో చెప్పలేదు. రాత్రంతా నిద్ర సరిగ్గా పట్టలేదు.

ఫిబ్రవరిలో మళ్ళీ వెళ్ళినప్పుడు కాగితాలు అందరం బల్ల మీద పెట్టాం. నేనొక్కదాన్నే కాదు. రాయగడ నుంచి వచ్చిన సారుది వారం మొత్తానికి సున్నా. ఆయన నవ్వేశాడు గానీ చెవులు ఎర్రబడ్డాయి. ఆ దఫా అంతా ఒకటే పని, క్లాసులో వెనక కూర్చుని చూడటం ఎలాగో నేర్చుకోవడం. ఇది నేర్చుకోవాల్సిన పనా అనుకున్నాను. ఒక పాఠం వీడియో వేసి చూసింది రాయమన్నారు. నేను 'టీచరు చాలా బాగా చెప్పింది, క్లాసు క్రమశిక్షణగా ఉంది' అని రాశాను. ఆ కోరాపుట్ ఆవిడ చదివి, "ఇది మీ అభిప్రాయం. చూసిందేదీ?" అంది. ఎంతమంది చెయ్యెత్తారు? ఎవరెవరు? టీచరు ప్రశ్న అడిగి జవాబు కోసం ఎన్ని సెకన్లు ఆగింది? మూడోసారి వీడియో వేసినప్పుడు గానీ, టీచరు కిటికీ వైపు వరసకి ఒక్క ప్రశ్న కూడా వేయలేదని నాకు కనబడలేదు.

అదే దఫాలో ఒక రోజు చట్టాల గురించి. భువనేశ్వర్ నుంచి ఒక లాయరు వచ్చాడు. కునుకు తీద్దామని వెనక కుర్చీ చూసుకున్నాను, కానీ ఆ రోజు ఎవరూ కునుకు తీయలేదు. మనకి రాజ్యాంగంలో 30వ అధికరణ ఉంది, మైనారిటీలు తమకి నచ్చిన విద్యాసంస్థలు పెట్టుకుని నడుపుకోవచ్చు, అది అందరికీ నోటికొచ్చు. "నడుపుకునే హక్కంటే చెడగొట్టుకునే హక్కు కాదని కేరళ విద్యా బిల్లు విషయంలో 1958లోనే సుప్రీం కోర్టు చెప్పింది, ఆ రెండో సగం ఎవరికైనా నోటికొచ్చా?" అని అడిగాడు. 2014 తీర్పుతో విద్యాహక్కు చట్టం మైనారిటీ బడులకి వర్తించదన్నారు కదా అని ఒక సారు లేచాడు. నిజమే, దాన్ని పట్టుకుని పిల్లల్ని కొట్టొచ్చనుకుంటే మాత్రం 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ ఉంది, తన సంరక్షణలో ఉన్న పిల్లల మీద దాడి చేసినా, బాధపెట్టినా అది నేరమేనన్నాడు. తర్వాత పోక్సో, 2012. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే ఎవరైనా సరే పోలీసులకి చెప్పి తీరాలి. తన కింద పనిచేసేవాడు చేసిన దాన్ని సంస్థ పెద్దే దాచిపెడితే ఏడాది దాకా జైలు. "కమిటీకి చెప్పాను, పాస్టరుగారికి చెప్పాను, ప్రార్థనలో పెట్టాం అంటే కుదరదు" అన్నాడు. గదిలో ఫ్యాను చప్పుడు ఒక్కటే వినిపించింది. సంఘం పరువు అన్న మాట మాలో ప్రతి ఒక్కరం ఎప్పుడో ఒకప్పుడు వాడినవాళ్ళమే.

నా బీరువాలో ఒక బెత్తం ఉంది. నేను కొన్నది కాదు, తాళాలతోపాటే వచ్చింది. నేను కొట్టనూ లేదు, పారేయనూ లేదు. పిల్లలకి అది అక్కడుందని తెలుసు, అంతే చాలని నాకూ లోపల ఉండేది. వెళ్ళగానే దాన్ని విరిచి పొయ్యిలో పెట్టమని వంటావిడకి ఇచ్చాను. "వెదురు బాగా మండుద్దమ్మా" అంది.

ఆ రోజు రాత్రి కాన్వెంటు సిస్టర్ ఒకావిడ తన ఫోనులో కథోలిక బిషప్పుల సమాఖ్య 2024లో తమ బళ్ళకి పంపిన మార్గదర్శకాలు చూపించింది. ఇతర మతాల పిల్లల మీద మన ఆచారాలు రుద్దొద్దని, అసెంబ్లీలో రాజ్యాంగ పీఠిక రోజూ చదివించమని అందులో ఉంది. మా బడిలో సగానికి పైగా హిందువుల పిల్లలే. మా అసెంబ్లీలో పాట, వాక్యం, ప్రార్థన, తర్వాత జాతీయగీతం. పీఠిక ఇప్పుడు వారంలో మూడు రోజులు తెలుగులో, మూడు రోజులు ఒడియాలో చదివిస్తున్నాం. ప్రార్థనప్పుడు చేతులు జోడించనివాళ్ళని ఎవరూ తట్టి చెప్పకూడదన్నాను. దీని మీద కమిటీలో రెండు మీటింగులు జరిగాయి. మూడోదీ జరుగుతుందనుకుంటాను.

ఇక అసలు సంగతి. ఫిబ్రవరి చివరి వారంలో నేను రెండో తరగతిలో వెనక బెంచీ మీద కూర్చున్నాను. ఆ బెంచీకి నా మోకాళ్ళు పట్టవు, పక్కకి తిరిగి కూర్చోవాలి. టీచరు కాశీనగర్ అమ్మాయి, ఇరవై నాలుగేళ్ళుంటాయి. నన్ను చూడగానే చేతిలో సుద్దముక్క విరిగింది. ఇన్నాళ్ళూ హెచ్చెమ్ క్లాసులోకి వచ్చిందంటే ఎవరికో ఏదో మూడిందనే లెక్క. చూడ్డానికే వచ్చాను, నువ్వు కానియ్యి తల్లీ అన్నాను. పాఠం పెంపుడు జంతువులు.

నా ముందు వరసలో గోడ పక్కన ఒక పాప. కొండ మీది ఊరి నుంచి వచ్చి హాస్టల్లో ఉంటోంది, సవర పిల్ల. జడలకి చెరో రంగు రిబ్బను. టీచరు 'కౌ' అంటే క్లాసంతా 'కౌ' అని అరిచేది. ఈ పిల్ల పెదాలు కూడా కదిలేవి. కానీ అందరికన్నా ఒక్క క్షణం వెనక. పక్కపిల్ల నోరు చూసి తను కదుపుతోంది. నేను కాగితం మీద గీతలు పెట్టుకుంటూ కూర్చున్నాను. పదిహేడు నిమిషాల్లో టీచరు ఇరవై రెండు ప్రశ్నలేసింది, పంతొమ్మిదింటికి ఆ నలుగురే చెప్పారు, ముందు బెంచీవాళ్ళు. ఈ పాప నోట్లోంచి సొంతంగా ఒక్క మాట రాలేదు. అంతలో బయట గోడ మీదకి ఒక మేక ఎక్కింది. పిల్లలందరూ అటు తిరిగారు. ఈ పాప పక్కనున్న తనలాంటి ఇంకో పిల్లతో సవరలో గడగడా మాట్లాడింది. చేతులతో మేక కొమ్ముల వంపు చూపించింది, పొట్ట చూపించింది, రెండు వేళ్ళు చూపించింది. కడుపుతో ఉంది, రెండు పిల్లలు వేస్తుంది అంటోందని నాకు సవర రాకపోయినా అర్థమైంది. టీచరు, "సైలెన్స్" అంది. పాప మళ్ళీ పెదాలు కదపడం మొదలుపెట్టింది.

రెండేళ్ళుగా ఆ పాప ప్రోగ్రెస్ కార్డు మీద 'స్లో లెర్నర్' అని ఉంది. కింద సంతకం నాది.

సాయంత్రం టీచర్ని పిలిస్తే తలుపు దగ్గరే నిలబడి, "నన్ను తీసేస్తారా మేడమ్?" అంది. కూర్చోబెట్టి టీ ఇప్పించాను. నేర్పినట్టే, నా అభిప్రాయం చెప్పకుండా గీతల కాగితం ఆమె ముందు పెట్టాను. చాలాసేపు చూసింది. తర్వాత తనే, "ఆ నలుగురు చెప్తే పాఠం ముందుకెళ్తది మేడమ్. సిలబస్ అవకపోతే మీరే అడుగుతారు కదా" అంది. మాట నిజం. నేనే అడిగేదాన్ని. కాసేపాగి, "ఆ పిల్లకి తెలివి లేక కాదు మేడమ్, మా మాటే దానికి అందదు" అంది.

ఆగస్టు 29న ఏటా మా బడిలో గిడుగు రామమూర్తి పంతులుగారి ఫొటోకి దండ వేస్తాం. పిల్లలచేత పద్యాలు చదివిస్తాం. ఆయన ఇదే పర్లాకిమిడిలో రాజావారి బడిలో పాఠాలు చెప్పారు. సవర నేర్చుకున్నారు, ఆ పిల్లలకి వాళ్ళ భాషలోనే చదువు చెప్పాలని పుస్తకాలు రాశారు, బళ్ళు నడిపారు. 1931లో ఆయన సవర వ్యాకరణం అచ్చయింది. 1936లో ఊరు ఒడిశాలో కలిశాక రాజమండ్రి వెళ్ళిపోయారు. ప్రభుత్వ బళ్ళలో కూడా 2006-07 నుంచి కొన్నిచోట్ల చిన్న తరగతులకి సవరలో చెప్పడం మొదలైంది. వందేళ్ళ కిందట ఒక తెలుగు పంతులు చేసిన పని, అదే ఊళ్ళో ఇంగ్లీషు బోర్డు పెట్టుకున్న మాకు తోచలేదు. దండ మాత్రం ప్రతి ఏడూ వేశాం.

సవర టీచర్ని పెట్టుకునే స్తోమతు లేదు. మా వంటావిడే సవర మనిషి, బెత్తం పొయ్యిలో పెట్టినావిడ. మధ్యాహ్నం గిన్నెలు తోమడం అయ్యాక అరగంట ఒకటి, రెండు తరగతుల్లో కూర్చుని కథ చెప్పమన్నాను. టీచరు పక్కనే ఉండి అవే మాటలు తెలుగులో, ఒడియాలో, ఇంగ్లీషులో బోర్డు మీద రాస్తుంది. మొదటి రోజు ఆవిడ సిగ్గుతో చీర కొంగు నోట్లో పెట్టుకుని నిలబడింది. వారానికి నేను పిలవకుండానే వచ్చేది. మార్చి నెలలో ఆ రిబ్బన్ల పాప నా ఆఫీసు గుమ్మం దగ్గర ఆగి 'గోట్' అని చెప్పి పరిగెత్తింది. ఎందుకు చెప్పిందో తెలీదు. నేను వెనక కూర్చున్న రోజు ఆ మేకని తనూ చూసిందని చెప్పడానికేమో. "వంటావిణ్ణి టీచర్ని చేస్తారా, రేపు పేరెంట్స్ ఏమంటారు" అని ఒక కమిటీ సభ్యుడు అడిగారు. పేరెంట్స్ ఇంతవరకు ఏమీ అనలేదు. ఆవిడ జీతం అయిదొందలు పెంచమని నేనే అన్నాను. అది మాత్రం వచ్చే ఏడాది చూద్దామన్నారు.

మేలో మూడో దఫా. ఎండ, ఉక్కపోత, ప్రాజెక్టు రిపోర్టులు. నేను పాప గురించి చెప్పాను. చప్పట్లు కొట్టారు. రాయగడ సారు మాత్రం చెయ్యెత్తి, "మీరు లేనప్పుడు ఇది నడుస్తుందా మేడమ్?" అన్నాడు. కోపం వచ్చింది. తిరుగు రైల్లో ఇచ్ఛాపురం దాటే దాకా దాని గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను. సర్టిఫికెట్టు లామినేట్ చేయించి ఇచ్చారు, పేరులో ఒక అక్షరం తప్పు.

అన్నిటికన్నా పనికొచ్చింది మా ముప్ఫై రెండు మంది వాట్సాప్ గ్రూపేమో. 2025 సెప్టెంబరు 1న సుప్రీం కోర్టు, సర్వీసు అయిదేళ్ళకి మించి మిగిలి ఉన్న టీచర్లంతా రెండేళ్ళలో టెట్ అనే టీచర్ల అర్హత పరీక్ష పాసవ్వాలని చెప్పింది. మా స్టాఫ్ రూమంతా ఒకటే టెన్షన్. మైనారిటీ బడుల సంగతి పెద్ద బెంచికి పంపారని, తేలేదాకా కంగారుపడొద్దని గ్రూపులో సిస్టర్ ఆ రాత్రే తీర్పు కాగితాలు పెట్టింది. మర్నాడు పొద్దున స్టాఫ్‌కి చదివి చెప్పాను. పాత రోజులైతే ఎవరో చెప్పిన మాట నమ్మి నేనూ వాళ్ళతో కలిసి ఏడ్చేదాన్ని.

రాయగడ సారు ప్రశ్నకి జవాబుగా తాళాలు పంచాను. సుద్దముక్కల బీరువా చెవి ఎనిమిదో తరగతి లీడరుకి. రిజిస్టర్లవి క్లర్కుకి. పరీక్ష పేపర్ల గది మా సైన్సు మాస్టారికి. లైబ్రరీ చెవి ఆ కాశీనగర్ అమ్మాయికి, దాన్ని రెండుసార్లు పోగొట్టి వెతికింది కూడా. మొన్న మంగళవారం మళ్ళీ గళ్ళ కాగితం రాసి చూసుకున్నాను. క్లాసుల్లో యాభై రెండు నిమిషాలు. ఫోన్లు మాత్రం తగ్గలేదు.

గుత్తి ఇప్పుడు తేలికైంది, చీర బొడ్డు దగ్గర జారట్లేదు. ఏ తాళానికీ పట్టని ఆ ఆరు చెవులు మాత్రం ఇంకా నా దగ్గరే ఉన్నాయి. పారేద్దామంటే అవి బడి ఆస్తి కింద లెక్కట, కమిటీ తీర్మానం కావాలట.